ఊపిరికి కత్తెర

"మేడమ్, ఆగండాగండి. వాక్యం మధ్యలో ఊపిరి పీల్చారు."

గాజు కిటికీకి అవతల, మైకు ముందు కూర్చున్న అమ్మాయి పేజీలోంచి తలెత్తింది.

"పీల్చకపోతే చచ్చిపోతానండీ," అంది.

"అది నిజమే కానీ, అక్కడ పీల్చకూడదు. కామా దగ్గర పీల్చండి."

"ఆ కామా నాలుగు లైన్ల అవతలుంది! ఈ పుస్తకం రాసినాయనకి ఊపిరితిత్తులు ఎన్నో ఏమో!"

వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి సంభాషణ ఇది. ప్రేమకథలో తొలిపలుకులు ఇంతకన్నా అందంగా ఉండాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ తప్పు వాళ్ళిద్దరిదే. చెప్పేవాణ్ణి అనవద్దు.

అతను సౌండ్ రికార్డిస్టు. నవలల్ని ఎవరిచేతనో చదివించి, ఆడియో పుస్తకాలుగా తయారుచేసే చిన్న స్టూడియోలో పని. మూడో అంతస్తు. లిఫ్టు ఉందన్న పేరే గానీ, దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఇంకా కిందే ఉంటారు. రోజంతా చదివించి రికార్డు చేయడం సగం పని. మిగతా సగం దాన్ని శుభ్రం చేయడం. పేజీ తిప్పిన చప్పుడు తీసెయ్యాలి, కుర్చీ కిర్రుమన్నది తీసెయ్యాలి, ఆకలేసిన కడుపు గొణిగితే అదీ తీసెయ్యాలి. అన్నిటికంటే ఎక్కువగా తీసెయ్యాల్సింది ఊపిరి. మనిషి మాట కావాలి, మనిషి మాత్రం వినపడకూడదు. విచిత్రమైన ఉద్యోగమే.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "అంటే, నేను పీల్చిన ఊపిరంతా మీరు కత్తిరించి పారేస్తారా? మీరు రికార్డిస్టు కాదు, కత్తెర!"

ఆ రోజునుంచీ అతని పేరు కత్తెర. స్టూడియో యజమాని పెద్దాయన కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఆమెకి ఇదే మొదటి పుస్తకం. అంతకుముందు ఆమె గొంతు ఫోన్లలో ఉండేది. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం. దయచేసి వేచి ఉండండి." ఊరంతా ఆ గొంతు విన్నది, విన్న ప్రతివాళ్ళూ విసుక్కున్నారు.

"కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే వచ్చేది మీరేనా?" అన్నాడతను ఆశ్చర్యంగా.

"నేనే. బాగా తిట్టుకున్నారా?"

"లేదు. వాళ్ళు లైను కలిపేశాక కాస్త బాధపడ్డాను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది. పనిప్రకారం దాన్ని తీసెయ్యాలి. తీసి, పారెయ్యకుండా ఓ పక్కన పెట్టుకున్నాడు.

*

పుస్తకం పెద్దది. నెలలు పట్టే పని. మొదట్లో ఆమె స్వెట్టరు వేసుకుని వచ్చేది, ఎండ మండిపోతున్నా సరే. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయేది. విరామంలో బల్లమీద తల వాల్చి నిద్రపోయేది.

"థైరాయిడ్ అండీ," అంది ఓ రోజు తనే. "నా ఇంజను నెమ్మది. మాత్రలు వాడుతున్నాను. ఎంతకీ తగ్గడంలేదని మొన్ననే డోసు పెంచారు."

అంటూనే సంచిలోంచి మాత్ర తీసి, నోట్లో వేసుకుని, ఫ్లాస్కులో కాఫీతో గటుక్కున మింగేసింది.

"కాఫీతోనా?" అన్నాడు.

"దేంతో మింగితే ఏం? పోయేది కడుపులోకే కదా."

అతను మాత్రల డబ్బా తీసుకుని, లోపలున్న కాగితం విప్పాడు. చీమతలకాయంత అక్షరాలు. ఓపిగ్గా చదివాడు. "పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలట. కాఫీ, తిండీ ఓ గంట ఆగి. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదట."

"పుస్తకం చదవడానికి నన్ను పెట్టారు గానీ, మీరే నయం!" అని వెక్కిరించింది. కానీ మర్నాటినుంచీ అలాగే వేసుకుంది.

కొన్ని వారాలు తిరిగేసరికి గొంతు గంటలా మోగింది. స్వెట్టరు మాయమైంది. మధ్యాహ్నపు నిద్ర పోయింది. చకచకా నడిచేది, గలగలా మాటాడేది. "అంతా మీ సలహా మహిమ కత్తెరగారూ," అని నలుగురిలో అనేది. గాజు కిటికీ ఇవతల అతను లోలోపల మురిసిపోయేవాడు. మురిసిపోతున్న మనిషికి ముందువెనకలు ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది?

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ స్టూడియో కింద, మందుల దుకాణం చూరు కింద నిలబడ్డారు. చల్లగాలికి అతను చేతులు కట్టుకున్నాడు. ఆమె మాత్రం అరచెయ్యి వానలోకి చాపి, ఆ తడిచేత్తో మెడ తుడుచుకుంది.

"చలెయ్యడం లేదా?"

"ఏమో, ఈమధ్య చలే తెలియడం లేదు. ఒళ్ళంతా వేడి." గొడుగు విప్పబోయింది. వేళ్ళు సన్నగా వణికాయి, గొడుగు తెరుచుకోలేదు. అతను అందుకుని విప్పాడు. చెయ్యి చెయ్యి తగిలింది.

తన పక్కన నిలబడ్డందుకే ఆ చేతులు వణికాయనుకున్నాడు పాపం. ప్రేమలో ఉన్నవాడిది పచ్చకామెర్లవాడి చూపే, లోకమంతా ఒకటే రంగు.

*

ఊపిరి తగ్గడం అతనికే ముందు తెలిసింది. ఆమెకన్నా ముందు.

ఒక్క గుక్కలో చదివే వాక్యం రెండు ముక్కలైంది. తర్వాత మూడు. మాటకీ మాటకీ మధ్య చిన్న ఎగపోత. హెడ్‌ఫోన్స్‌లో అది చెవి పక్కనే ఎవరో పరుగెత్తి వచ్చినట్టు వినిపించేది. మెట్లెక్కి వచ్చిన రోజు, మొదటి పేజీ మొదలుపెట్టడానికే చాలాసేపు పట్టేది.

అదే రోజుల్లో పెద్దాయన అతన్ని పక్కకి పిలిచాడు. "ఏమోయ్ కత్తెరా, చివరి భాగమే ఈ పుస్తకానికి ప్రాణం. వినేవాళ్ళు ఊపిరి బిగబట్టి వినాలి. చదివేవాళ్ళు ఆయాసపడితే నవ్వులపాలైపోతాం. కారిడార్లో ఆ పిల్ల రొప్పుతుంటే విన్నాను. నాటకాలు వేసే అమ్మాయి ఒకామె ఖాళీగా ఉంది. కావాలంటే చెప్పు, మార్చేద్దాం."

"అక్కర్లేదండీ. బ్రహ్మాండంగా చదువుతోంది. కావాలంటే వినండి."

వినిపించాడు కూడా. కోసిన తర్వాతది.

ఒక్కో వాక్యంలోంచి ఎగపోత తీసేసేవాడు. మాటల్ని దగ్గరికి జరిపి అతుకు కనపడకుండా కలిపేవాడు. ఒక పేజీకి ఒక పూట పట్టినా విసుక్కోలేదు. ఆమె కలలుగన్న పుస్తకం ఆమె చేతిలోంచి జారిపోకూడదు. అతని ఆలోచన అంతవరకే. పూర్తయిన అధ్యాయాన్ని ఆమె ఫోనుకి పంపితే, "అబ్బ, ఎంత బాగా చదివానో!" అని మెసేజ్ వచ్చేది. ఆ ఒక్క మాటకి పొంగిపోయేవాడు.

ఓ శనివారం ఆ అమ్మాయి వాళ్ళమ్మ స్టూడియోకి వచ్చింది. బడిలో లెక్కల టీచరు. ఏ మాటైనా కుండబద్దలు కొట్టినట్టు చెప్పే మనిషి.

"బాబూ, మీరైనా దీనికి చెప్పండి. సరిగ్గా నిద్రపోవడం లేదు. తింటోంది గానీ చిక్కిపోతోంది. గుండె దడదడలాడుతోందని ఓసారి అంటుంది, డాక్టరు దగ్గరికి పదవే అంటే ఏం లేదంటుంది. మెట్లెక్కితే ఆయాసం."

"అమ్మా! నువ్వు అనవసరంగా హైరానా పడతావు. ఇలా రా, ఇది విను." ఆమె హెడ్‌ఫోన్స్ తీసి తల్లి చెవులకి పెట్టింది. నిన్నటి అధ్యాయం. నున్నగా, తొణకకుండా, ఏటి నీళ్ళలా సాగిపోతున్న గొంతు.

వింటున్నకొద్దీ తల్లి ముఖం తేటపడింది. "ఆయాసమున్న మనిషి ఇంత గుక్కతిప్పుకోకుండా చదవలేదులే," అంది చివరికి. "నాదే భ్రమ."

అతను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు విప్పడానికి అంతకన్నా మంచి అదను మళ్ళీ రాదు. విప్పలేదు. చివరి భాగం అయిపోనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. తల్లి అతనికి దణ్ణంపెట్టినంత పనిచేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

చివరి అధ్యాయం మొదలుపెట్టాల్సిన రోజున పెద్ద మైకు మొరాయించింది. అది బాగయ్యేదాకా పని ఆగకూడదని అతను బట్టలకి తగిలించుకునే చిన్న కాలర్ మైకు తెచ్చి ఆమెకిచ్చాడు.

"ఇంత చిన్నదా! ఎంత చిన్న చప్పుడైనా పట్టేస్తుందా?"

"పట్టేస్తుంది."

ఆమె దాన్ని ఎడంవైపు గుండెమీద పెట్టి, అరచేత్తో అదిమింది. "ఇది కూడానా?"

అతను ఇవతల కూర్చుని సౌండ్ పెంచాడు. ముందు బట్ట గరగర. తర్వాత, లోతుల్లోంచి, చప్పుడు.

"ఏం వినిపిస్తోంది?" అంది.

"గుర్రం పరుగెడుతున్నట్టుంది."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. గాజు కిటికీలోంచి అతన్నే చూస్తూ, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అంది. "మీరు ఆ తలుపు తీసుకుని వచ్చినప్పుడల్లా ఇంతే. మొదట్లో ఏమిటో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మీకు తెలియలేదా కత్తెరగారూ? రోజూ నన్ను చెవుల్లో పెట్టుకునే తిరుగుతారు కదా?"

అలాంటి మాట కోసం మగవాడు ఏళ్ళతరబడి ఎదురుచూస్తాడు, తీరా అది వచ్చిన క్షణాన ఏదో ఒక తెలివితక్కువ మాట అంటాడు. ఇతనూ అన్నాడు.

"మంచినీళ్ళు తెస్తాను."

బయటికి వెళ్ళి, తెచ్చేందుకు పట్టిన నీళ్ళు తనే తాగేశాడు. కారిడార్లో గోడకి ఆనుకుని, చెప్పాల్సిన మాట కూర్చుకున్నాడు. "నాకూ అంతే" అందామనుకున్నాడు. బాగోలేదు. మార్చాడు. మళ్ళీ మార్చాడు. చివరికి ఒక మాట కుదిరింది. దాన్ని ఒలకకుండా పట్టుకుని వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

కిటికీ అవతల ఆమె బల్లమీద తల వాల్చుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం ఇంకా మైకు మీదే, గుండె దగ్గరే ఉంది. అతను రావడం చూడలేదు.

చెవుల్లో గుర్రం పరుగెడుతూనే ఉంది. అదే వేగం, కొంచెం కూడా తగ్గలేదు. మధ్యలో ఒక్క అడుగు తప్పింది, వెంటనే రెండు అడుగులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. దానిపైన ఊపిరి. కదలకుండా కూర్చున్న మనిషి ఊపిరి అలా ఉండదు, మెట్లెక్కి వచ్చిన మనిషిది అలా ఉంటుంది.

అతను కూర్చుకున్న మాట ఎక్కడికో పోయింది. మైకు మీట నొక్కాడు.

"మేడమ్, ఒక్కటి అడుగుతాను. ఇప్పుడు నా గురించే ఆలోచిస్తున్నారా?"

ఆమె కళ్ళు తెరవకుండానే అంది. "లేదు. చివర్లో ఉన్న ఆ పొడుగు వాక్యం గురించి. ఎలా చదవాలా అని భయంగా ఉంది."

"అయినా అంతే కొట్టుకుంటోంది," అన్నాడతను.

ఆ పరుగు తనకోసం కాదు. జన్మలో మొదటిసారి ఎవరో తనకోసం గుండె దడదడలాడుతోందని చెప్పారు. అది అబద్ధమని తనే రుజువు చెయ్యాలి. చెయ్యకపోతే ఈ మాట తనకి మిగులుతుంది, మనిషి మిగలకపోవచ్చు.

లోపలికి వెళ్ళి ఆమె చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాడు. మొన్నటి అధ్యాయం, కొయ్యకముందుది, వినిపించాడు.

కాసేపు విని, "ఎవరిది? పాపం, ఎవరో ఉబ్బసం మనిషిలా ఉంది," అంది. ఆ తర్వాత మాట వినగానే ముఖం పాలిపోయింది. ఆ మాట తను చదివిందే.

"మీరే," అన్నాడు. "నేను కొయ్యకముందు."

"మా అమ్మకి వినిపించింది?"

"కోసింది."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆయాసం వచ్చినప్పుడల్లా ఇంటికెళ్ళి మీరు పంపింది వినేదాన్ని. ఇంత బాగా చదువుతున్నాను, నాకేం కాదులే అనుకునేదాన్ని. గుండె ఆగిపోతుందేమోనని భయమేసిన రోజున కూడా అదే విని పడుకున్నాను. నా ఒళ్ళు చెబుతున్నది నమ్మకుండా మిమ్మల్ని నమ్మాను."

"పుస్తకం మీ చెయ్యి జారిపోతుందని..."

"ఊపిరి ఎవరిదండీ? నాది కదా? నాకు వినపడకుండా చెయ్యడానికి మీరెవరు?"

బల్లమీది హెడ్‌ఫోన్స్‌లో ఆ ఎగపోత ఇంకా సన్నగా వినిపిస్తోంది.

"ఈ పాడు మాత్ర డోసు పెంచాకే ఇదంతా. రేపటినుంచి మానేస్తాను," అంటూ లేచింది.

"వద్దు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. మానడం గానీ తగ్గించడం గానీ మనంతట మనం చెయ్యకూడదు. ఒకసారి నేను చేసిన సొంత వైద్యం చాలు. ఇవాళే డాక్టరుకి చూపించుకోండి. నామీద కోపం తర్వాత చూపించండి, ఎంత కావాలంటే అంత."

ఆమె తల్లికి ఫోన్ చేసింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"మీరు రావద్దు."

*

వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ కాసేపటికి వాళ్ళమ్మే ఫోన్ చేసింది. "డాక్టరమ్మ ఎప్పట్నుంచి, ఎప్పట్నుంచి అని అడుగుతోంది. దీనికి తెలీదు, నాకు తెలీదు. తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ కొయ్యనివన్నీ పట్టుకుని రా." ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. తిట్టు కూడా అందులోనే ఉంది.

లాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాడు. ఆస్పత్రి గదిలో ఆమె మంచమ్మీద పడుకుని ఉంది. ఈసీజీ అప్పుడే తీశారు, రక్తం పరీక్షకి పంపారు. అతన్ని చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. అధ్యాయాలు వరసగా కొంచెం కొంచెం విన్నది. ఒకచోట చెయ్యెత్తింది. "ఇదిగో, ఇక్కడినుంచి మారింది. దీనికి కొన్ని వారాల ముందు ఏం జరిగింది? కొత్త మందులేమైనా? జ్వరం, జలుబు?"

అతను "కాఫీ అండీ," అన్నాడు. ఫ్లాస్కు సంగతీ, కాగితం చదివిన సంగతీ, పరగడుపున వేసుకోమన్న సంగతీ, అన్నీ చెప్పాడు. చెబుతుంటే చెవులు కాలిపోయాయి.

"ఓహో, అదా!" అంది డాక్టరమ్మ. "నువ్వు చెప్పిన పద్ధతే సరైనది బాబూ. నేనూ మొదటిరోజే చెప్పాను. ఈ అమ్మాయి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినట్టుంది."

మంచమ్మీద ఆమె గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"చిక్కెక్కడొచ్చిందంటే, కాఫీతో వేసుకోవడం వల్ల మందు సగం వంటబట్టలేదు. అది తెలియక నేను డోసు పెంచాను. ఆ పెంచిన డోసు ఇప్పుడు మొత్తం పట్టడం మొదలైంది. ఒంటికి కావాల్సినదానికంటే ఎక్కువైంది. ఎక్కువైతే గుండె పరుగెడుతుంది, చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఆయాసం వస్తుంది. మొదట్లో హుషారుగా కూడా ఉంటుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు." ఆమెవైపు తిరిగింది. "డోసు పెంచాక రక్తపరీక్షకి రమ్మన్నాను. వచ్చావా?"

"రికార్డింగ్ ఉందండీ," అంది ఆమె గోడతో. "బాగానే ఉన్నాననుకున్నాను."

తల్లి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గుండెకేమైనా..."

"ఇప్పుడు ప్రమాదమేం లేదమ్మా. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఉబ్బసమూ కాదు. గుండె మాత్రం బాగా వేగంగా ఉంది, మధ్యమధ్య లయ తప్పుతోంది. ఇలాగే వదిలేసి ఉంటే పెద్ద ఇబ్బందే అయ్యేది. రక్తపరీక్ష చూసి డోసు తగ్గిస్తాను, గుండె నెమ్మదించడానికి కొన్నాళ్ళు ఇంకో మాత్ర ఇస్తాను. ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష. ఈసారి రావాలి. ఈలోగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, పడుకున్నా ఆయాసం ఆగకపోయినా, ఎవరినీ అడగకుండా తిన్నగా ఎమర్జెన్సీకి రండి."

తర్వాత అతనివైపు చూసింది.

"చెవులు అంత బాగున్నవాడివి. నోరెందుకు మూసుకున్నావు నాయనా?"

ఆ ప్రశ్న అతన్ని చాలా రోజులు వెంటాడింది.

*

మర్నాడే పెద్దాయనకి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పెద్దాయన కొయ్యని అధ్యాయం ఒకటి విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకు అబద్ధం వినిపించావన్నమాట."

"అవునండీ. నన్ను పంపించేసినా సరే. ఆ అమ్మాయికి మాత్రం పుస్తకం ఉంచండి."

"నిన్ను పంపించి ఈ మెట్లెక్కేవాణ్ణి నేనెక్కడ వెతకను? మార్చేద్దామని అప్పుడేదో అన్నాను గానీ, సగం పుస్తకం ఒకరి గొంతు, సగం ఇంకొకరిది అయితే వినేవాళ్ళు మనల్ని తిట్టిపోస్తారు. కోలుకుని రానీ. ఆయాసపడ్డ అధ్యాయాలన్నీ మళ్ళీ చదివించు. ఈలోగా ఆ లిఫ్టువాణ్ణి పిలు, నీకు శిక్ష అదే. వాడితో వేగడం నావల్ల కాదు."

వారాలు బరువుగా నడిచాయి. ఆమె ఫోన్ చెయ్యలేదు. చేసే అర్హత తనకి లేదని అతనూ చెయ్యలేదు. వాళ్ళమ్మ మాత్రం అప్పుడప్పుడు ముక్తసరిగా మెసేజ్ పెట్టేది. "నిద్ర పట్టింది." "చెయ్యి వణకడం తగ్గింది." లెక్కల టీచరు కదా, జవాబు మాత్రమే రాసేది.

గొంతు వినకుండా ఉండలేని రోజున కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం. దయచేసి వేచి ఉండండి." బుద్ధిగా వేచి ఉండేవాడు. లైను కలిపి ఎవరో "చెప్పండి" అనగానే, "ఏం లేదండీ" అని పెట్టేసేవాడు. కరెంటు ఆఫీసువాళ్ళు ఏమనుకున్నారో మనకి తెలియదు.

*

వాన వెలిసిన ఓ ఉదయం మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. లిఫ్టు బాగుపడి వారమైంది, అయినా ఎవరో మెట్లే ఎక్కుతున్నారు. అతను చెవులు రిక్కించాడు. ఆ నడక అతనికి తెలుసు. రెండో అంతస్తు దగ్గర ఆగుతుంది. ఎప్పుడూ అక్కడే ఆగేది.

ఆగలేదు.

తలుపు తీసుకుని ఆమె వచ్చింది. చెంపలు కాస్త నిండాయి. వెనకాల వాళ్ళమ్మ లిఫ్టులో వచ్చి చేరింది.

"చిన్న మైకు ఉందా?" అంది ఆమె. పలకరింపు లేదు, ఏం లేదు.

అతను తెచ్చి ఇచ్చాడు. ఆమె లోపల కూర్చుని, దాన్ని గుండెమీద అదిమి పట్టుకుంది. అతను కిటికీ ఇవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. చప్పుడు నింపాదిగా ఉంది. పొలం పనయ్యాక ఇంటికొస్తున్న మనిషి నడకలా, తొందర లేకుండా ఉంది. వింటుంటే కళ్ళు చెమర్చాయి.

"చెప్పండి, ఎలా ఉంది?"

"మామూలుగా ఉంది."

"మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. అయినా మామూలుగానే కొట్టుకుంటోంది, కదా?"

"అవును," అన్నాడు. సంతోషమే. కాకపోతే, ఇక అయిపోయింది, ఆ మాట మాత్రతోనే వచ్చింది, మాత్రతోనే పోయింది అనుకున్నాడు. "మంచిదే మేడమ్. అదే కావాల్సింది."

"మీమీద చాలా కోపం వచ్చింది. ఇంకా కొంచెం ఉంది. నిద్ర సరిగ్గా పట్టి, చేతులు వణకడం ఆగి, బుద్ధి కుదుటపడ్డాక తీరిగ్గా కూర్చుని ఆలోచించాను. అప్పుడన్న మాట నాదా, మందుదా అని. గుండె పరుగెడుతున్నప్పుడు అన్నది లెక్కలోకి రాదు కదా."

"రాదు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"అందుకే ఇప్పుడు మళ్ళీ అంటున్నాను. నింపాదిగా. దడ లేదు, ఆయాసం లేదు, మెట్లు నా కాళ్ళతో ఎక్కి వచ్చాను. నాకు మీరు కావాలి కత్తెరగారూ. కానీ ఒక్క షరతు. నా ఒంటి సంగతి మీకు ముందు తెలిస్తే, నాకు ముందు చెప్పాలి. నాకు నచ్చకపోయినా సరే, పుస్తకం పోయినా సరే."

అతను తల ఊపాడు. గాజు కిటికీ అవతల ఉన్న మనిషికి తల ఊపడం చాలదనిపించి లేచి లోపలికి వెళ్ళాడు. వెళ్ళాడే గానీ, ఏం చెయ్యాలో తెలియక ఆమె ముందు నిలబడ్డాడు.

ఆమె ఆ చిన్న మైకు తీసి అతని చొక్కామీద, గుండె దగ్గర పెట్టింది. అతని మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్స్ లాక్కుని తన చెవులకి పెట్టుకుంది.

వింటూ వింటూ కనుబొమలు ముడేసింది. "ఏమిటిది? ఇంత వేగంగా ఉంది! మీరేమైనా మాత్రలు వాడుతున్నారా?"

"లేదండీ."

"కాఫీ తాగారా?"

"ఇంకా లేదు."

"మెట్లెక్కి వచ్చారా?"

"పొద్దున్నే వచ్చాను. అప్పట్నుంచి కూర్చునే ఉన్నాను."

ఆమె ఇంకాసేపు విన్నది. ముడిపడ్డ కనుబొమలు మెల్లగా విడిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులమీద నవ్వు వచ్చింది, ఏది ముందో ఎవరూ చెప్పలేరు.

"అయితే ఇది నాదే," అంది.

తలుపు దగ్గర వాళ్ళమ్మ గొంతు సవరించుకుంది. "గుండెలు వినడం అయిపోతే, బాబుని కూడా ఓసారి డాక్టరమ్మకి చూపిద్దాం. అల్లుడి ఆరోగ్యం నాకూ కావాలి కదా."

ఆ మధ్యాహ్నం ఆమె చివరి అధ్యాయం చదివింది. పొడుగు వాక్యం వచ్చింది. నాలుగు లైన్ల తర్వాత గానీ కామా లేని వాక్యం. సగందాకా వచ్చి, ఆగి, హాయిగా ఊపిరి పీల్చుకుని, మిగతాది చదివింది. చదివాక భయంభయంగా కిటికీవైపు చూసింది.

"మళ్ళీ చదవనా?"

"వద్దు," అన్నాడతను. "బాగుంది."

ఆడియో పుస్తకం బయటికొచ్చాక విన్నవాళ్ళు కొందరు ఆ ఊపిరి సంగతి రాసి పంపారు. అక్కడ తమకీ ఊపిరి తిరిగినట్టయిందట.